కాలిన కొండవాలు, కళ్లులేని వానపాము

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త ఈరమ్మ. ఆవుల వెంట అడవులు తిరిగిన మనిషి. ఆమె చెప్పిన వరసలోనే చెబుతాను. ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క తియ్యను. మీరు ఊఁ కొట్టడం మానేస్తే మాత్రం అక్కడే ఆపేస్తాను.

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, గుగ్గిలపు కొండ అని ఒక కొండ ఉండేది. కొండ నిండా అడవి. అడవి అంచున ఏదులబైలు అని ఒక ఊరు. ఆ ఊళ్లో పొలాలు తక్కువ, పశువులు ఎక్కువ. తెల్లారిందంటే ఆవుల మెడగంటలే ఊరిని నిద్ర లేపేవి.

ఆ ఊరి మందపెద్ద పేరు సుంకులు. ఆడమనిషే. మందపెద్ద అంటే ఊరి పశువులన్నిటినీ అడవికి తోలుకుపోయి, మళ్లీ భద్రంగా ఇంటికి చేర్చే మనిషి. ఏ వైపు మేత ఉంది, ఏ మడుగులో నీళ్లు తాగొచ్చు అన్నదానికి ఆమె మాటే మాట. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆ మందే ఆమె సంసారం. ప్రతి ఆవుకూ ఒక పేరు పెట్టింది. అన్నిటిలోకీ తేనె అనే ఎర్రావు అంటే ఆమెకు ప్రాణం. "తేనే!" అని పిలిస్తే, ఎంత దూరంలో ఉన్నా అది తల తిప్పి చూసేది.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. వేసవిలో ఎప్పుడైనా అడవి అంటుకుంటే, వానలకు మళ్లీ చిగురిస్తుంది కదా. అలా చిగురించిన ఏడాది చిగురుపండుగ చేస్తారు. ఆవుల కొమ్ములకు పసుపు రాస్తారు. డప్పులు కొడతారు. మంద లోపలికి అడుగు పెట్టే ముందు, తొలి చిగురు తుంచి ఒక మనిషి నమలాలి. మనిషి నమిలి మింగాకే పశువు మూతి వంచాలి. నోరులేని దానికి పెట్టేది ముందు నోరున్నవాడు తినాలని వాళ్ల లెక్క. మామూలుగా ఆ నమిలేది మందపెద్దే. అదొక గౌరవం.

ఇక రాజు సంగతి. ఆ సీమనేలే రాజు బొల్లమరాజు. చెడ్డవాడు కాడు. కానీ ఆయన పాత మేడ దూలాలను చెదలు తినేశాయి. ఒకనాడు ఆయన భోజనం చేస్తుంటే, పైనుంచి చెదమట్టి జలజలా రాలి పెరుగన్నంలో పడింది. రాజుకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"కొత్త మేడ కట్టాలి. చెద ముట్టని దూలాలు కావాలి. ఎవరు తెస్తారు?" అన్నాడు.

వసుగుప్తుడనే వర్తకుడు ముందుకొచ్చి చేతులు జోడించాడు. "నేను తెస్తాను ప్రభూ. నా దూలాన్ని చెద కాదు గదా, చెద ముత్తాత కూడా వాసన చూడడు."

ఎలా చేస్తావని రాజు అడగలేదు. ఇతను చెప్పలేదు.

వసుగుప్తుడు గుగ్గిలపు కొండమీద, నడి అడవిలో ఒక పెద్ద కొట్టం వేశాడు. లోపల రాతి తొట్లు కట్టించాడు. తొట్ల నిండా పాషాణం కలిపిన నీళ్లు పోయించాడు. పాషాణం అంటే ఎలుకల్ని చంపే విషం పిల్లలూ, దాని జోలికి పోకూడదు. చెట్లు కొట్టించి, దూలాలు చెక్కించి, ఆ నీళ్లలో నానబెట్టేవాడు. అలా నానిన చెక్కను ఏ పురుగూ ముట్టదు. ఊరివాళ్లెవరైనా వచ్చి, "ఏంటండీ ఆ నీళ్లు?" అంటే, "మా ఇంటి రహస్యం" అని తలుపు మూసేవాడు.

మేడ లేచింది. పెరుగన్నంలో మట్టి రాలడం ఆగింది. రాజు హాయిగా భోంచేశాడు.

ఆ మరుసటి వేసవిలో గాడ్పు కొట్టింది. ఎండిన వెదుళ్లు ఒకదాన్నొకటి రాసుకుని నిప్పు పుట్టింది. ఆ నిప్పును నేను తప్పు పట్టను. అది అడవికి అప్పుడప్పుడు వచ్చిపోయే చుట్టమే. కానీ ఈసారి అది పోయిపోయి కొట్టం మీద పడింది. కొట్టం కూలింది. తొట్లు పగిలాయి. మూటల్లో దాచిన పాషాణమంతా బూడిదలో కలిసింది.

మంటలు చల్లారగానే వసుగుప్తుడు ఒక్కడే వెళ్లి చూశాడు. పగిలిన తొట్ల మీద గబగబా మట్టి లాగి కప్పేశాడు. చేతులు కడుక్కున్నాడు. ఇంటికెళ్లి పడుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

తొలివాన పడింది. ఆ విషపు బూడిద కొండవాలంతా పారింది. నేలలోకి ఇంకింది.

మామూలుగా అయితే కాలిన అడవి తొలివానకే తల ఎత్తుతుంది. ఈసారి కొండ నెత్తిన రాళ్ల మధ్య పచ్చబడింది గానీ, మంద మేసే కొండవాలు మాత్రం నల్లగానే ఉండిపోయింది. గడ్డిపోచ మొలవలేదు. చీమ తిరగలేదు. ఆవులు ఊరి చుట్టూ తుమ్మకాయలు ఏరుకు తిని, సాయంత్రానికి ఖాళీ కడుపులతో ఇంటికొచ్చేవి. తేనె డొక్కలు లోపలికి పోయాయి. సుంకులుకు అన్నం సహించేది కాదు.

ఒకరోజు వాన వెలిశాక ఆమె వాగు గట్టున నిలబడి నల్లటి కొండవాలు వైపు చూస్తోంది. కాలి మీద ఏదో చల్లగా పాకింది. వంగి చూస్తే వానపాము. బాగా ముసలిది. దాని వెనకాల ఇంకొన్ని, బక్కచిక్కి, ఈడ్చుకుంటూ వస్తున్నాయి.

"ఎక్కడికి తాతా, ఇంటిల్లిపాదీ బయలుదేరారు?" అంది సుంకులు.

"ముందు కాలు తియ్యి. దారికి అడ్డం," అంది వానపాము.

"నా కాలెక్కింది నువ్వు!"

"నాకు కళ్లు లేవమ్మా. నీకున్నాయి. మరి తప్పుకోవలసింది ఎవరు?"

సుంకులుకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. కాలు తీసి పక్కన కూర్చుంది. "ఆ కొండవాలు వదిలేసి వస్తున్నారెందుకు?"

"ఒళ్లు మండుతోంది. కాలిన నేల మాకు కొత్త కాదు. బూడిద రుచి మాకు తెలుసు, కాస్త ఉప్పగా బాగానే ఉంటుంది. ఇది బూడిద కాదు. ఇంకేదో."

"ఇంకేదో అంటే ఏంటి?"

"దాని పేరు నాకేం తెలుసు? పేర్లు పెట్టేది మీరు. మండేది మాకు."

సుంకులు దాని ముందుకు వంగింది. "తాతా, మా ఇంట్లో ఉందువు గానీ రా. ఆ నేల ఎప్పుడు బాగుపడిందో నువ్వే చెప్పాలి. నాకు పైనే కనపడుతుంది. నీకు లోపల తెలుస్తుంది."

"తిండేం పెడతావు?"

"పేడ."

"పచ్చిదా, మాగిందా?"

"బాగా మాగింది."

"అయితే పద," అంది వానపాము.

వాగుకు అవతల ఒక చిన్న గుట్ట ఉంది. మంట ఆ గుట్టకు పాకలేదు. నిట్రంగా, గోడలా నిలువుగా ఉంటుంది గనక ఆవులు ఎక్కలేవు. సుంకులు ఆ గుట్ట మట్టి కుండలో పోసి, మాగిన పేడ కలిపి, ముసలి వానపామును అందులో పెట్టుకుంది. తక్కినవి ఆ గుట్టకే వలస పోయాయి.

ఇంతలో రాజు అడవిని చూడటానికి వచ్చాడు. నల్లటి కొండవాలును చూసి బావురుమన్నంత పని చేశాడు. "దీన్ని మళ్లీ పచ్చగా చేసేవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

ఎవరూ నోరు తెరవకముందే వసుగుప్తుడు, "నేనున్నాను ప్రభూ!" అన్నాడు. ఇంకొకడెవడైనా పూనుకుని పలుగు దింపితే, పగిలిన తొట్లు బయటపడతాయి కదా. అదీ అతని భయం.

అతను బండ్ల మీద ఏటి ఒండ్రు తోలించాడు. కొండవాలు మీద పల్చగా, దోసె పోసినట్టు పరిపించాడు. దానిమీద తొందరగా మొలిచే గడ్డి విత్తనం చల్లించాడు. వానలు బాగా పడ్డాయి. చూస్తుండగానే కొండవాలు చిలకలా పచ్చబడింది. వేళ్లు ఒండ్రు దాటి కింది నల్లనేలలోకి దిగాయి. ఆ నేలలో ఉన్నదాన్ని పైకి తాగాయి. అది ఎవరికి కనబడుతుంది?

ఊరంతా సంబరపడింది. రాజు చాటింపు వేయించాడు. "చిగురుపండుగ చేయండి! నా తెల్లెడ్లు కూడా మీ మందతో కలిసి మేస్తాయి."

సుంకులు ఆ పచ్చదనం చూసింది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. అయినా పండుగ పొద్దున ఒక పిడికెడు మట్టి వేళ్లతో సహా పెకలించి, ఆకులో పొట్లం కట్టి తెచ్చి, వానపాము ముందు పెట్టింది.

వానపాము తల దూర్చింది. చటుక్కున వెనక్కి లాక్కుంది.

"మండుతోంది," అంది.

"పైన పచ్చగా ఉంది తాతా! చూడటానికి ఎంత బాగుందో."

"పచ్చ అంటే ఏంటమ్మా?"

సుంకులు ఒక గడ్డిపోచ తీసి దాని ముందు ఊపింది.

"నాకు కళ్లు లేవు. అందుకే నన్ను పచ్చతో మోసం చెయ్యలేరు. మండుతోంది. అంతే," అని వానపాము తన కుండలోకి వెళ్లిపోయింది.

పండుగ మొదలైంది. డప్పులు మోగుతున్నాయి. కొమ్ములకు పసుపు రాసిన ఆవులు పచ్చిగడ్డి వాసనకు ఆగలేక మెడలు చాపుతున్నాయి. సుంకులు మంద ముందు కర్ర అడ్డం పెట్టి నిలబడింది.

ఊళ్లో అందరికన్నా ఎక్కువ ఆవులున్నవాడు గురవన్న. నోరు జాస్తి. "ఏంది సుంకులక్కా, తప్పుకో! అవి నిన్ను తొక్కుకుని పోతాయి," అన్నాడు.

"నేల ఇంకా బాగాలేదు గురవన్నా. వానపాము తాత మండుతోందన్నాడు."

జనం గొల్లున నవ్వారు. "వానపాము చెప్పిందంట! రేపు కప్ప వద్దంటే మా పిల్ల పెళ్లి కూడా ఆపేస్తావా ఏంది?" అన్నాడు గురవన్న.

సుంకులు అతనితో వాదించలేదు. ఇంత సంబరంలో ఉన్న రాజుకు వానపాము మాట ఎక్కదని ఆమెకు తెలుసు. కొండమీద తలుపు మూసి రహస్యమన్నవాడికి నిజం తెలిసుండాలి, వాడి నోటితోనే రావాలి అనుకుంది. రాజు ముందుకు వెళ్లి దణ్ణం పెట్టింది.

"మారాజా, మా ఊళ్లో ఒక ఆచారం. మంద దిగే ముందు తొలి చిగురు మనిషి నమలాలి. ఎప్పుడూ ఆ గౌరవం నాది. కానీ ఈసారి అడవిని పచ్చగా చేసింది వసుగుప్తుడుగారు. నేను నమిలితే ధర్మం కాదు. ఆయనే నమలాలి."

"న్యాయం! న్యాయం!" అన్నారు జనం. రాజు కూడా తల ఊపాడు.

సుంకులు ఒక లేత చిగురు తుంచి, రెండు చేతులతో వసుగుప్తుడి ముందుకు చాపింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా... నాకివాళ ఉపవాసం," అన్నాడు.

"అయితే పండుగ రేపు చేద్దాం అయ్యా. ఇన్నాళ్లు ఆగిన మంద ఒక్క పూట ఆగదా?"

"అది కాదు, పన్ను నొప్పి. నమలలేను."

"నమలక్కర్లేదు నాయనా, నూరి రసం పిండిస్తాం. పసిపిల్లలకు ఉగ్గు పట్టినట్టు నేనే పట్టిస్తాను," అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. జనం మళ్లీ నవ్వారు.

"మా... మా వంశంలో పచ్చిఆకు తినకూడదు!"

"అదేందండీ," అన్నాడు గురవన్న, "నిన్న మా ఇంట్లో సంగటిలోకి పచ్చి ఉల్లికాడలు నంజుకున్నారు కదా! కట్టంతా అయిపోయిందని మా ఆడది ఇంకా గొణుగుతోంది."

రాజు నవ్వాపుకోలేక, "ఇంత చిన్నపనికి ఇన్ని సాకులా? ఇటు తెండి. నా అడవి, నా పండుగ. నేనే నములుతాను," అని చిగురు అందుకుని నోటి దగ్గరకు తీసుకున్నాడు.

వసుగుప్తుడు ఒక్క గెంతు గెంతి రాజు చెయ్యి కొట్టేశాడు. చిగురు కింద పడింది.

"వద్దు ప్రభూ! అది విషం!"

డప్పులు ఆగిపోయాయి. ఆవుల గంటలు మాత్రం మోగుతున్నాయి.

వసుగుప్తుడు రాజు కాళ్ల మీద పడి జరిగిందంతా చెప్పేశాడు. కొట్టం, తొట్లు, పాషాణం, కప్పిన మట్టి, ఏదీ దాచలేదు. "పశువులంటే ఏదో రోగమొచ్చి పోయాయనుకుంటారులే అనుకున్నాను. మీరు నోట్లో పెట్టుకోబోతుంటే చూడలేకపోయాను," అన్నాడు.

గురవన్న తన ఆవుల వైపు చూశాడు. కర్ర ఎత్తి వసుగుప్తుడి మీదికి పోయాడు. రాజు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. సుంకులు ఇద్దరికీ అడ్డం వచ్చింది.

"ఆయన్ను చంపితే తొట్లెక్కడున్నాయో ఎవరు చూపిస్తారు? విషం ఎటు పారిందో ఎవరు చెబుతారు? ఆయన ఇక్కడే ఉండాలి మారాజా. నేల బాగయ్యేదాకా మాతోపాటు గంప మొయ్యాలి."

రాజు కత్తి వదిలేశాడు. కింద పడిన చిగురును చూశాడు. "నా మేడలో చెద లేదు, నా అడవిలో పురుగు లేదు," అన్నాడు చివరికి. "దూలాలు కావాలన్నది నేను. ఎలా తెస్తావని అడగనిది నేను. మందపెద్దా, నన్నేం చేయమంటావు?"

"మందకు మేత కావాలి మారాజా."

"ఎక్కడ?"

"మీ తోటలో."

"తోటలోనా?" అన్నాడు రాజు. ఆ తోటంటే ఆయనకూ రాణిగారికీ ప్రాణం.

"తోటలోనే."

రాజు గుటక వేసి, సరేనన్నాడు.

ఆ రోజునుంచి ఏదులబైలు ఆవులు రాజుగారి తోటలో మేశాయి. గడ్డితో మొదలుపెట్టి చామంతులు తిన్నాయి, మల్లెపొదలు తిన్నాయి, రాణిగారు సొంత చేత్తో నాటిన సంపెంగ కూడా తిన్నాయి. "పాలు సంపెంగ వాసనేస్తున్నాయి," అని రాణిగారు మూతి ముడిచింది. కానీ తాగింది.

ఇటు కొండవాలు మీద పని మొదలైంది.

మొదటి పని తొట్లది. వసుగుప్తుడు చోటు చూపించాడు. తొట్ల ముక్కలు, వాటి చుట్టూ ఉన్న నల్లమట్టి తవ్వి తీశారు. వాగుకు దూరంగా, వేరే ఒక రాతిగుట్ట కడుపులో ఒక పెద్ద గొయ్యి చేసి, దాని అడుగునా గోడలకూ బంకమట్టి మెత్తి, కుమ్మి, గట్టిచేసి, ఆ విషమట్టిని, కొండవాలు మీద పీకిన విషపు గడ్డిని అందులో పోశారు. పైన మళ్లీ బంకమట్టితో మూత వేశారు.

రెండో పని మొక్కలది. నేలలోకి ఇంకిపోయిన విషాన్ని ఎలా తియ్యాలో ఎవరికీ తెలియలేదు. సుంకులు వానపామును అడిగింది.

"రాళ్ల సందుల్లో పువ్వు పుయ్యని మొక్క ఒకటి మొలుస్తుంది. దాని వేళ్ల దగ్గర మంట కొంచెం తక్కువ. మేం వలస వచ్చేటప్పుడు ఆ వేళ్ల నీడనే ఆగి ఆగి వచ్చాం," అంది వానపాము.

వెళ్లి చూస్తే, దువ్వెన పళ్లలాంటి ఆకులున్న మొక్క అది. విషాన్ని తాగుతుంది, తాను చావదు. ఊరంతా కలిసి ఆ దువ్వెనాకు మొక్కను కొండవాలంతా నాటారు. ఏపుగా పెరిగింది. పెరిగాక వేళ్లతో సహా పీకారు. "ఇదంతా కుప్పవేసి కాల్చేద్దాం," అన్నాడు గురవన్న.

"కాలిస్తే విషం ఎక్కడికి పోతుంది? బూడిదలో కూర్చుని మళ్లీ నేలకే వస్తుంది," అంది సుంకులు. పీకిన ప్రతి మొక్కనూ మోసుకుపోయి బంకమట్టి గోతిలోనే పెట్టారు. మళ్లీ నాటారు. మళ్లీ పీకారు.

మూడో పని ప్రాణం పొయ్యడం. విషం తగ్గినా, నేల ఉత్త పిండిలా ఉంది. పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. సుంకులు ఒకరోజు ఇంట్లో పాలు తోడు పెడుతూ చెయ్యి ఆపేసింది. కాగిన పాలకు చెంచాడు పెరుగు తోడు వేస్తే కుండంతా పెరుగవుతుంది. కాలిన నేలకు కాలని నేల తోడు వెయ్యకూడదా?

మర్నాడు ఆమె గుట్ట ఎక్కింది. మంట తగలని చెట్ల కింద, మెత్తటి, చల్లటి, బూజు వాసనేసే మట్టి పిడికెళ్లతో తీసి, తెల్లటి దారాల్లాంటి పుట్టగొడుగు వేళ్లతో సహా గంపలో పెట్టింది. కొండవాలు మీద అక్కడొక పిడికెడు ఇక్కడొక పిడికెడు పెట్టి, పైన పేడా రాలిన ఆకులూ కప్పింది. ఆవుల మనుషులకు తోడు వెయ్యడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఊరి ఆడవాళ్లంతా గంపలు పట్టుకుని వెంట నడిచారు. వసుగుప్తుడూ మోశాడు. అతని అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, మళ్లీ మానాయి.

వానలు మళ్లీ వచ్చాయి. ఈసారి ఎవరూ విత్తనం చల్లకుండానే చిగుళ్లు లేచాయి. అడవి తనంతట తానే తలెత్తింది. జనం పరుగెత్తుకుంటూ వచ్చారు. రాజు కూడా వచ్చాడు, ఎందుకంటే ఆయన తోటలో తినడానికి ఇంక మొదళ్లే మిగిలాయి.

సుంకులు పిడికెడు మట్టి తీసుకెళ్లి వానపాము ముందు పెట్టింది. వానపాము లోపలికి వెళ్లింది. కాసేపు ఉంది. మెల్లగా బయటికొచ్చింది.

"మంట లేదు," అంది.

సుంకులు లేచి కర్ర అందుకుంది.

"దురదగా ఉంది," అంది వానపాము.

"దురదేగా తాతా. దురదకు ఎవరైనా చస్తారా?"

"నన్నడిగావు, చెప్పాను. నచ్చిన జవాబు కావాలంటే రాజుగారిని అడుక్కో."

ఆమె తిరిగొచ్చి, ఇంకా కాలేదంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఈసారి అందరికీ కోపమొచ్చింది. తోట అయిపోయింది. ఇళ్లలో గడ్డి అయిపోయింది. రాజు వసుగుప్తుడి వైపు తిరిగి, "నీ విషం నీకు తెలుసు. పోయిందా లేదా?" అన్నాడు.

వసుగుప్తుడు గంప దించి, "నాకు తెలియదు ప్రభూ," అన్నాడు. అతని నోట అడగ్గానే వచ్చిన మొదటి నిజం అదే.

గురవన్న సుంకులు మొహంలోకి చూసి, "నీ తేనె చూలుతో ఉంది. లేచి నిలబడలేకుండా ఉంది. అది చచ్చినా ఇదే మాటంటావా సుంకులక్కా?" అన్నాడు.

సుంకులు తన ఇంటి వైపు చూసింది. "అంటాను," అంది.

మందపెద్ద కాదన్నాక మంద దిగదు. జనం తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

ఆమె రోజూ నిట్రపు గుట్ట ఎక్కి, ఆకు కోసి, నెత్తిన మోపు పెట్టుకుని దిగేది. అందరి ఆవులకూ పంచగా, తేనెకు ఒక పిడికెడు మిగిలేది. చలి రోజులు వచ్చాయి. తేనె ఈనింది. దూడను నాకి, సుంకులు చేతిని నాకి, తల వాల్చేసింది.

సుంకులు ఏడ్చిందో లేదో మా అత్త చెప్పలేదు. దూడను ఇంకో ఆవు దగ్గర తాగించింది. మర్నాడు పొద్దున్నే గంప ఎత్తుకుని కొండవాలుకు వెళ్లింది. వెళ్లేసరికి అక్కడ గురవన్న ఉన్నాడు. ఒంటరిగా, తన గంపతో, గుట్టమట్టి పిడికెడు పిడికెడు పెడుతున్నాడు. ఆమెను చూసి పక్కకు జరిగి చోటు ఇచ్చాడు. మళ్లీ వంగి పని చేసుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుని తన గంప దించింది.

దువ్వెనాకు మళ్లీ నాటారు, మళ్లీ పీకారు. గుట్టమట్టి తోడు వేశారు. ఆకులు కుళ్లి నల్లటి పొర కట్టింది. ఇంకో వానకాలం వచ్చింది. నేల పట్టుకుంటే చేతిలో ముద్ద అయింది, మెల్లగా నొక్కితే విడిపోయింది.

ఈసారి సుంకులు మట్టిని ఇంటికి తేలేదు. కుండనే చంకన పెట్టుకుని కొండవాలుకు వెళ్లింది. ఊరంతా, రాజుతో సహా, దూరంగా నిలబడి చూస్తున్నారు. ఆమె వానపామును అరచేతిలోకి తీసుకుని నేలమీద వదిలింది.

వానపాము తల దూర్చింది. నడుము దూర్చింది. తోక కూడా లోపలికి పోయింది.

సుంకులు ఎదురుచూసింది. వానపాము రాలేదు.

"తాతా!" అని పిలిచింది. పలకలేదు.

"తాతా, మండుతోందా?" జవాబు లేదు.

"దురదగా ఉందా?" జవాబు లేదు.

నీడలు జరిగాయి. జనం కాళ్లు మార్చి మార్చి నిలబడ్డారు. అప్పుడు సుంకులు మోకాళ్ల మీద వంగి చూసింది. వానపాము దూరిన చోట, నేలమీద వానపాములు తిని వదిలే చిన్నచిన్న మట్టి ఉండలు, ఇప్పుడే వేసినవి, తడితడిగా మెరుస్తున్నాయి. పక్కన ఇంకో చోట, ఇంకో చోట కూడా. గుట్టకు వలస పోయినవి ఎప్పుడొచ్చాయో, ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చేశాయి.

సుంకులు పకపకా నవ్వింది.

"ఏమంది?" అని అరిచాడు గురవన్న.

"ఏమీ అనలేదు!"

"మరెట్లా?"

"ఏమీ అనలేదురా గురవన్నా! లోపలికి పోయి కాపురం పెట్టుకుంది. ఇంక మనతో దానికేం పని?"

ఆమె కర్ర పక్కకు తీసింది. మంద కొండవాలు మీదికి దిగింది. తేనె దూడ అన్నిటికన్నా ముందు పరుగెత్తింది.

ఆ తర్వాత రాజు అక్కడొక రాయి నిలబెట్టించాడు. "బొల్లమరాజుగారు ఈ అడవిని పచ్చగా చేయించిరి" అని చెక్కించారు. అంతే. ఇంకొక్క పేరు లేదు. రాజు చెప్పాడో, చెక్కినవాడు చాల్లే అనుకున్నాడో, ఇద్దరినీ నేను క్షమించను.

సుంకులుకు చదువు రాదు. ఆమె ఆ రాయి దగ్గర ఆగి, "దీనిమీద ఏం రాశారు గురవన్నా?" అని అడిగింది.

గురవన్న తల గోక్కుని, "ఏదో, అడవి బాగుపడిందని," అన్నాడు.

"అవును కదా మరి," అని ఆమె మంద వెనకాల వెళ్లిపోయింది.

ఆమెకు అది చాలింది. నాకు చాలదు. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు, ఉలి పట్టడం రాదు. మీలో బాగా చదువుకున్నవాళ్లు, ఈ కథ పిల్లలకు చెప్పేవాళ్లు, ఎవరైనా సరే, ఆ రాత సరిచెయ్యండి. మొదట సుంకులు పేరు పెట్టండి. తర్వాత ముసలి వానపామును, తేనెను పెట్టండి. గంప మోసిన గురవన్ననూ, వసుగుప్తుణ్ణీ కూడా పెట్టండి, మోసిన మాట నిజమే కాబట్టి. రాజు పేరు చివర ఉండనివ్వండి, తోట ఇచ్చాడు. ఆ పేర్ల కింద ఈ మాట చెక్కండి: పచ్చగా కనబడినంత మాత్రాన నేల బాగుపడినట్టు కాదు, తన కడుపు మాడుతున్నా "ఇంకా కాలేదు" అని నిజం చెప్పి ఆగగలిగినవాళ్ల వల్లే అది బాగుపడుతుంది.